మంచూరియాకి కోనసీమ మార్కులు

పులుసు కుదరకపోతే ఎందుకు కుదరలేదో మనవాళ్ళు ఇట్టే చెప్పేస్తారు. నూడుల్స్ దగ్గరికొచ్చేసరికి ఒకే బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ నాలుగు తీర్పులిస్తారు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో రోజూ పొద్దుపోయాక నడిచే ఈ పంచాయితీ సంగతేమిటో చూద్దాం.

పులస పులుసు బాగాలేదని ఎవరైనా అన్నారంటే కారణం కూడా అక్కడికక్కడే తేలిపోతుంది. చింతపండు ఎక్కువైందనో, బెండకాయలు ముందే వేసేశారనో, మర్నాటిదాకా ఆగకుండా వండిన పూటే తినేశారనో, అసలది పులసే కాదు, ఒడిశా నుంచి ఐసులో వచ్చిన ఇలసని ఎవరో అంటగట్టారనో. తగువొచ్చినా అయిదు నిమిషాల్లో సద్దుమణుగుతుంది. పులుసు ఎలా ఉండాలన్న దానికి అందరి దగ్గరా ఒకటే లెక్క ఉంది మరి. ఆ లెక్క అమ్మమ్మల దగ్గర్నుంచి వచ్చింది.

అదే కుటుంబం ఆదివారం రాత్రి అమలాపురంలో చైనీస్ హోటల్‌కి వెళ్ళొచ్చాక చూడాలి తమాషా. కాలేజీలో చదివే కుర్రాడు ‘సూపరు’ అంటాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ పండక్కొచ్చిన అక్క ‘ఇది సెజ్వానా, టమాటా పచ్చడా?’ అని మూతి విరుస్తుంది. కువైట్‌లో ఏళ్ళ తరబడి ఉండొచ్చిన బాబాయి ‘అక్కడ ఇలా ఉండదురా’ అని మొదలెడతాడు. తాతగారు రెండు చెంచాలు తిని, ‘అన్నం పలుకుగా ఉందేంటండీ, ఉడకలేదా?’ అని అడిగి, పెరుగన్నం దొరుకుతుందేమోనని వెయిటర్ వంక చూస్తారు. నలుగురి పళ్ళాల్లో ఉన్నదీ ఒకే కడాయిలోంచి దిగిన ఫ్రైడ్ రైసే.

ఆ హోటల్ మంచిదా కాదా అని వీళ్ళని అడిగి తేల్చుకోవడం కష్టం. అలాగని ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. మంచూరియాకి మన ఇళ్ళలో కొలత లేదు, అంతే. ఎవరు మొదటిసారి ఎక్కడ తిన్నారో అదే వాళ్ళకి కొలమానం అయి కూర్చుంది. కాకినాడలో ఇంజనీరింగ్ చదివినవాడికి హాస్టల్ గేటు ముందు బండి, భాగ్యనగరంలో చదివినవాడికి అక్కడి ఏసీ రెస్టారెంటు, గల్ఫ్‌లో బతికొచ్చినవాడికి ఫిలిప్పీన్స్ వంటవాడి చేతి నూడుల్స్. ఇంత చిన్న డెల్టాలో ఇన్ని దేశాల నాలుకలున్నాయి. గల్ఫ్ వీసా మీద విమానమెక్కని ఇల్లు రాజోలు, మలికిపురం వైపు వెతుక్కోవాలి. అలా వెళ్ళినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు అక్కడి ఇళ్ళలో వంటచేసి వచ్చినవాళ్ళే. అలాంటి గిరాకీ ముందు ప్లేటు పెట్టి మెప్పించడం మాటలు కాదు.

కాబట్టి హోటల్ గురించి పదిమంది పది రకాలుగా చెబితే అందులో సగం వాళ్ళ చరిత్ర. మిగతా సగమే వంట. ఆ సగంలో కూడా చాలావాటికి కారణాలున్నాయి, పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే అవి తెలుస్తాయి.

గుడ్డు వెళ్ళింది, విద్య వచ్చింది

బోర్డు మీద డ్రాగన్ బొమ్మ, దాని పక్కనే ఓ అభిమాన హీరో బొమ్మ, కింద ‘చైనీస్ ఫాస్ట్‌ఫుడ్’ అని ఎర్ర అక్షరాలు. ఈ వంటలకి చైనాతో ఉన్నది దూరపు చుట్టరికమే. దగ్గర చుట్టం కలకత్తా. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో టాంగ్ అచూ అనే చైనా వ్యాపారి హుగ్లీ ఒడ్డున చెరకు తోట, పంచదార మిల్లు పెట్టాడు. ఆ ఊరికి అఛిపూర్ అన్న పేరు ఆయన వల్లే వచ్చింది. తర్వాత వచ్చినవాళ్ళలో హక్కా తెగవాళ్ళు తోళ్ళ పనిలో, చెప్పుల వ్యాపారంలో స్థిరపడ్డారు. కాంటన్ వైపు వాళ్ళు వడ్రంగం పట్టారు. కలకత్తాలోని టాంగ్రా పేట నిండా హక్కాల తోళ్ళ కార్ఖానాలే ఉండేవి. 1962లో చైనాతో యుద్ధం వచ్చేసరికి ఈ దేశంలో పుట్టి పెరిగినవాళ్ళని కూడా అనుమానించి, వేలమందిని రాజస్థాన్‌లోని దేవళీ క్యాంపుకి తరలించారు. తిరిగొచ్చినవాళ్ళు కొందరు, దేశం వదిలిపోయినవాళ్ళు కొందరు. కాలుష్యం కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పుతో తోళ్ళ కార్ఖానాలు టాంగ్రా విడిచి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ మిగిలిన కుటుంబాలకి వంటే ఆధారమైంది. ఇవాళ మనం ‘హక్కా నూడుల్స్’ అని ఆర్డరిచ్చేటప్పుడు నోటికొచ్చేది ఆ జనం పేరే.

మంచూరియా కథ ఇంకా విచిత్రం. చైనాకి ఈశాన్యాన మంచూరియా అనే ప్రాంతమైతే ఉంది కానీ, ఈ వంట అక్కడివాళ్ళకి తెలియదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో ముంబయి క్రికెట్ క్లబ్‌లో దీన్ని మొదట చేశానని చెప్పుకున్నారు. కొత్తది ఏదైనా పెట్టమని గిరాకీ అడిగితే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి తరిగి, గరం మసాలా బదులు సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచారట. అంటే మన తాలింపుకి సోయా సాస్ తొడిగారు. తెలుగు నాలుకకి ఇంత తొందరగా పట్టుబడిందంటే అందుకే.

హైదరాబాద్, సికింద్రాబాద్‌ల్లో పార్క్ లేన్ నాన్‌కింగ్, బషీర్‌బాగ్ చుంగ్‌హువా లాంటివి ఏనాటి నుంచో ఉన్నాయి. అక్కడ చెక్క కుర్చీలు, తెల్ల బట్ట పరిచిన బల్లలు, సూపుతో మొదలయ్యే మర్యాదైన భోజనం. కోనసీమకి ఆ మర్యాద రాలేదు. ఇక్కడికి చైనీస్ నాలుగు చక్రాల బండి మీద వచ్చింది. బజ్జీల బండి, పునుగుల బండి, ముంత మసాలా బండి ఉన్న వరుసలోనే చివర చోటు చూసుకుని నిలబడింది. ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్లు దాని వెనక వచ్చాయి. ఇవాళ అంతర్వేది కల్యాణానికి వెళ్ళినా, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళినా, ఖర్జూరం, జీళ్ళ కొట్ల మధ్య నూడుల్స్ బండి కనపడాల్సిందే.

ఇందులో ఒక తమాషా ఉంది. ఉభయ గోదావరి జిల్లాల కోళ్ళఫారాల గుడ్లు లారీలకెక్కి బెంగాల్, అస్సాం మార్కెట్లకి పోతాయి. ఆ గుడ్డుని అన్నంలో గిలకొట్టే విద్య అటునుంచి ఇటొచ్చింది. రొయ్యలదీ అదే దారి. మన చెరువుల వనామీ రొయ్యకి అమెరికా తర్వాత పెద్ద గిరాకీ చైనాదే. కౌంటు బాగున్న సరుకు ఐసు పెట్టెలో ప్లాంటుకి పోతుంటే, అందులో నిలవని చిన్న రొయ్య ఇక్కడే ‘ప్రాన్ ఫ్రైడ్ రైస్’లో తేలుతుంది. చెరువు గట్టు మీద పుట్టి పెరిగిన రైతు ఆ ప్లేటు చూసి ‘వంద కౌంటు కూడా లేదండీ ఇది’ అని మొహం చిట్లించడం మామూలే. రొయ్య సంగతిలో కోనసీమవాణ్ణి మోసం చేయడం కష్టం. ఇదొక్కచోట మాత్రం అతనికి ఇంటి కొలత ఉంది.

ఒక్క కడాయి, ఎనిమిది ఆర్డర్లు

ఆలస్యం మీద వచ్చినన్ని ఫిర్యాదులు రుచి మీద రావు. ‘బిర్యానీ చెప్పిన పక్క టేబుల్‌వాళ్ళు తిని చేతులు కడిగేసుకున్నారు, మా నూడుల్స్ జాడ లేదు’ అని మండిపడని కుటుంబం ఉండదు. వెయిటర్‌ని పిలిస్తే ‘ఆయ్, అయిపోయిందండి, వచ్చేస్తందండి’ అంటాడు. అతని తప్పు లేదు పాపం, ఇరవై నిమిషాల నుంచీ అదే మాట మీదున్నాడు.

లోపల జరిగేది ఇది. బిర్యానీ పొద్దున్నో మధ్యాహ్నమో దమ్ మీద దిగిపోయింది. గిన్నెలోంచి గరిటెతో తీసి ప్లేటులో పెట్టడమే మిగిలింది. చైనీస్ అలా కాదు, ఏ ప్లేటుకా ప్లేటు అప్పటికప్పుడు చేయాలి. మన ఊళ్ళ హోటళ్ళలో చాలాచోట్ల చైనీస్ పొయ్యి ఒకటి, మాస్టర్ ఒకడు. ఎనిమిది మంది కూర్చుని ఒకరు వెజ్ నూడుల్స్, ఒకరు ఎగ్ నూడుల్స్, ఒకరు మష్రూమ్ ఫ్రైడ్ రైస్, ఒకరు గోబీ డ్రై, ఇంకొకరు గోబీ గ్రేవీ అంటే, ఆ ఒక్క కడాయి ఎనిమిది సార్లు ఎక్కి దిగాలి. ఒక్కో దానికి నాలుగు నిమిషాలనుకున్నా ఎనిమిదోవాడి ముందుకు ప్లేటు వచ్చేసరికి మొదటివాడికి మళ్ళీ ఆకలేస్తుంది. ఆ పూట హాలులో అలాంటి టేబుళ్ళు అయిదారు ఉంటాయి.

బండి దగ్గర ఈ బాధ తక్కువ, అక్కడ వంట కళ్ళెదుటే సాగుతుంది. సగం ఆనందం చూడడంలోనే ఉంది. పంతొమ్మిది కిలోల గ్యాస్ బండ నుంచి వచ్చిన మంట బర్నర్‌లో బుస్సుమంటుంది. మాస్టర్ ఎడమ చేతిలో మడతపెట్టిన తడిగుడ్డతో కడాయి చెవి, కుడి చేతిలో పొడుగు కాడ గరిటె. ఆ గరిటెతోనే నూనె తీస్తాడు, దాంతోనే గుడ్డు చితగ్గొడతాడు, దాని అంచుతోనే ఉప్పు, మిరియాల పొడి, టేస్టింగ్ సాల్ట్ డబ్బాల్ని వరసగా తాకుతూ ఎంత కావాలో అంతే గీరుకుంటాడు. చెంచా కొలత లేదు. వెల్లుల్లి ముక్కలు పడ్డ రెండు క్షణాలకి క్యాబేజీ, క్యారెట్, బీన్స్. అవి మెత్తబడకముందే అన్నం. కడాయిని వెనక్కి లాగి ముందుకు తోస్తే అన్నం గాల్లోకి లేచి, మంట అంచు తగిలి, మళ్ళీ కడాయిలోనే పడుతుంది. పక్కనుంచి సోయా సాస్, ఒక చుక్క వెనిగర్, దించేముందు ఉల్లికాడలు. గరిటెతో కడాయి అంచు మీద టంగ్ టంగ్‌మని రెండు దెబ్బలు. ప్లేటు సిద్ధమైందని పక్కనున్న కుర్రాడికి అది కబురు.

గాల్లోకి ఎగరేయడం చూసేవాళ్ళ కోసమే అనుకుంటారు. కొంత షోకు ఉన్నమాట నిజమే కానీ అసలు పని వేరు. కడాయి బాగా కాగినప్పుడు అన్నంలో తడి ఆవిరై ఎగిరిపోవాలి, ఎగరేస్తే ఆ ఆవిరి నిలవదు. సోయా సాస్ కాలిన అంచుకి తగిలి కమ్మటి పొగవాసన పడుతుంది. అందుకే ఒక ప్లేటుకి వండినప్పుడు ఉన్న రుచి నాలుగు ప్లేట్లు కలిపి వండితే రాదు. సరుకు ఎక్కువైతే కడాయి చల్లబడుతుంది, కూరగాయలు నీళ్ళు ఊరతాయి, అన్నం వేగడం మానేసి ఉడకడం మొదలెడుతుంది. సాయంత్రం ఏడింటికి బండి దగ్గర ఒక్కడే నిలబడి తిన్నవాడు ‘అబ్బ’ అనడానికీ, తొమ్మిదింటికి సెకండ్ షోకి ముందు గుంపులో తిన్నవాడు ‘ముద్ద’ అనడానికీ ఇదే కారణం. ఇద్దరూ తిన్నది ఒకే బండి దగ్గర.

ఇక తాతగారి ఫిర్యాదు. అన్నం పలుకుగా ఉందన్నారు. అది అలా ఉండాలనే దించుతారు. మెత్తగా ఉడికిన అన్నం గరిటె తగిలితే ముద్దయిపోతుంది. అందుకని మాస్టర్లు పాతబియ్యం చూసుకుంటారు, ఒక పలుకు మీద వార్చి, పళ్ళెంలో పరిచి ఆరబెడతారు. కొత్తబియ్యానికి అన్నం జిగటగా వస్తుందని వరి పండించే ఊళ్ళో ఎవరికి చెప్పాలి? మెత్తటి అన్నంలో ముద్దపప్పు, ఆవకాయ కలుపుకునే చేతికి ఈ పొడిపొడి మెతుకులు వంటే అనిపించకపోవడమూ న్యాయమే.

ఉప్పు, ఎరుపు

పార్సిల్ కథ వేరు. అమలాపురంలో కట్టించుకున్న క్రిస్పీ మంచూరియా అల్లవరమో, కాట్రేనికోనో చేరేసరికి క్రిస్పీ అన్న మాట బిల్లులో తప్ప ఎక్కడా కనపడదు. వేడిది వేడిగానే మూతపెట్టి బిగిస్తే ఆవిరి లోపలే తిరిగి కరకరలాడే పైపొర నానిపోతుంది. డ్రై కన్నా గ్రేవీ చెప్పుకుంటే ఇంటికెళ్ళాక ఈ బాధ ఉండదు. ‘పార్సిల్‌లో తక్కువ పెడతారు’ అన్న మాట కూడా బాగా వినిపిస్తుంది. డబ్బా కొలత ఒకటే కాబట్టి అందులో పట్టిందే ఫుల్. ప్లేటులో గుట్టలా పోస్తే కంటికి ఎక్కువ కనపడుతుంది. కొందరు నిజంగానే తక్కువ పెడతారనుకోండి, అది వేరే సంగతి.

నిజంగా భయపడాల్సింది మిగిలిన పార్సిల్ గురించి. రాత్రి సగం తిని, మూతపెట్టి, పొద్దున్న పిల్లాడి టిఫినుకి వేడిచేసి పెట్టే ఇళ్ళు ఉన్నాయి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతే అవి మొలిచి విషం తయారుచేస్తాయి. వాంతులు పుట్టించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. తరతరాలుగా చద్దన్నం తిన్న ఒళ్ళు కదా అని ధీమా పడే పని లేదు. చద్దన్నం నీళ్ళలోనో మజ్జిగలోనో పులుస్తుంది, ఆ పులుపు దాన్ని కాపాడుతుంది. సోయా సాస్ వేసిన అన్నానికి ఆ కాపలా లేదు. బండి మాస్టర్ మధ్యాహ్నం వార్చిన అన్నాన్ని ఎలా ఉంచాడన్నది కూడా ఇందుకే చూడాలి. పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టేవాడు వేరు, పెద్ద గిన్నెలో గుట్టగా పోసి బండి కింద తోసేవాడు వేరు. కొంచెం వంగి చూస్తే కనపడుతుంది. ఎవరూ వంగి చూడరు.

మన జనం భయమంతా టేస్టింగ్ సాల్ట్ మీదే. ‘అందులో అజినమోటో వేస్తారండి, ఒంటికి మంచిది కాదు’ అనడం ఆనవాయితీ. టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త 1908లో కొంబు అనే సముద్రపు నాచు రసంలో రుచికి మూలమేమిటా అని వెతికితే గ్లుటమేట్ దొరికింది. మరుసటేడే అజినమోటో పేరుతో అమ్మకానికొచ్చింది. 1968లో అమెరికాలో రాబర్ట్ హో మన్ క్వోక్ అనే వైద్యుడు చైనీస్ హోటల్లో తిన్నాక తనకి మెడ దగ్గర తిమ్మిరి, గుండెదడ వస్తున్నాయని ఒక వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు. సోయా సాస్ వల్లో, వంటలో పోసే సారా వల్లో, ఈ గ్లుటమేట్ వల్లో అని ఆయన ఊహించాడంతే. లోకం మాత్రం మూడోదాన్ని పట్టుకుని వదల్లేదు. తర్వాత ఎవరికి ఏం పెట్టారో తెలియకుండా జరిపిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా తేలలేదు. ఏడాది లోపు పిల్లలకి మాత్రం పెట్టొద్దని మన దేశంలో పొట్లం మీదే రాయించారు.

అసలు గ్లుటమేట్ కోసం చైనా దాకా వెళ్ళక్కర్లేదు. టమాటాలో ఉంది, ఎండు రొయ్యల్లో ఉంది. తోటకూరలోనో వంకాయలోనో గుప్పెడు ఎండు రొయ్యలు పడితే కూర ఎందుకు మారిపోతుందో కోనసీమ ఇల్లాలికి ఇకెడా కన్నా ముందే తెలుసు, పేరు పెట్టలేదంతే.

రాత్రి రెండుకి లేచి చెంబెడు నీళ్ళు తాగడానికి కారణం ఎక్కువ భాగం మామూలు ఉప్పే. సోయా సాస్‌లో ఉప్పు, చిల్లీ సాస్‌లో ఉప్పు, చికెన్ నానబెట్టినప్పుడు ఉప్పు, పైన మాస్టర్ గరిటెతో గీరినది మళ్ళీ ఉప్పు. ఒక్క పెద్ద చెంచా సోయా సాస్‌లో రమారమి 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు అజినమోటో లేకుండా చెయ్యమని చెప్పి నిశ్చింతగా కూర్చుంటారు. సోయా తగ్గించమని చెప్పాలన్న ఆలోచనే రాదు.

అంతకన్నా పట్టించుకోవాల్సింది ఎరుపు. కర్ణాటకలో 2024 మార్చిలో ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడరాదని, పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే రంగు వాడరాదని ఆదేశాలిచ్చింది. అంతకుముందు తెప్పించిన 171 గోబీ నమూనాల్లో వందకు పైగా పనికిరావని తేలాయి. గోవాలోని మాపుసాలో అయితే ఏకంగా గోబీ మంచూరియా బండ్లనే వద్దన్నారు. మన వీధుల్లో మంచూరియా కూడా అదే ఎరుపు. ఎండుమిర్చి రుబ్బి వేస్తే వచ్చే రంగు కొంచెం మట్టిరంగు కలిసి ఉంటుంది. ప్లేటంతా సిందూరంలా మెరుస్తూ, వేలికంటింది సబ్బుతో కడిగినా వదలకపోతే అది మిరపకాయ పని కాదు. ‘రంగు లేకపోతే గిరాకీ ఒప్పుకోదండి, పాడైపోయిందనుకుంటారు’ అని బండివాళ్ళు చెప్పే మాటలో నిజం ఉంది. ఎర్రగా లేని చికెన్ పకోడిని మనమే వెనక్కి తోశాం కదా.

నూనె విషయంలో కొలత చట్టంలోనే ఉంది. పదేపదే కాచిన నూనెలో పేరుకునే పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె పనికిరాదని 2018 జులై నుంచి నిబంధన. బండి దగ్గర ఆ పరికరం ఎవరి దగ్గరా ఉండదు, కానీ నల్లగా, జిగటగా, నురగ కడుతున్న నూనెని గుర్తుపట్టడానికి పరికరమెందుకు. కొబ్బరి చెట్ల నీడన ఉంటూ కొబ్బరినూనెలో ఎందుకు వేయించరని బయటివాళ్ళు అడుగుతుంటారు. గోదావరి వాళ్ళకి అది తలకి రాసుకునేది!

శనివారం తంటా

వెజ్, నాన్‌వెజ్ తగువుల్లోంచి వచ్చే కోపం ఇంకో రకం. కార్తీకమాసంలోనో, శనివారంనాడో నీసు ముట్టనివాళ్ళు వెజ్ ఫ్రైడ్ రైస్ చెప్పుకుంటారు. సగం తిన్నాక అందులో గుడ్డు పెచ్చు కనపడుతుంది. ఇక చూడాలి. ఒకసారి మా బంధువులతో వెళ్ళినప్పుడు కౌంటర్ దగ్గర జరిగిన సంభాషణ ఇది:

“ఏమండీ, ఇదేంటి? వెజ్ అని చెప్పాం కదా!”

“ఆయ్, వెజ్జేనండి. కడాయిలో అంటుకున్నదేమోనండి.”

“కార్తీకమాసం బాబూ. కడిగి చెయ్యొద్దూ?”

“కడిగారండి. వేరేది చేయించి ఇస్తానండి.”

“అదే కడాయిలోనా?”

దానికతను ఏం చెప్పలేక మాస్టర్ వంక చూశాడు. మాస్టర్‌కి తెలుగు రాదు. ఒక్కో ప్లేటు తర్వాత కడాయిలో గరిటెడు నీళ్ళు పోసి, వెదురు పుల్లల చీపురుతో గిరగిరా తిప్పి, పారబోయడం వాళ్ళ పద్ధతి. జిడ్డు పోవడానికి అది సరిపోతుంది, ఆచారానికి చాలదు. బిల్లులో ఆ ప్లేటు డబ్బులు తీసేశారు కానీ మా పెద్దమ్మ ఆ రాత్రి మరేమీ ముట్టుకోలేదు. పచ్చ చుక్క, గోధుమరంగు త్రికోణం పొట్లాల మీద ఉన్నట్టు కడాయిల మీద ఉండవు. కార్తీకంలో గిరాకీ పడిపోయిందని వాపోయే యజమానులు ఆ నెలరోజులైనా శాకాహారానికి వేరే కడాయి పెట్టి, ఆ మాట బోర్డు మీద రాస్తే ఖాళీ బల్లలు సగమైనా నిండుతాయి. ఇన్నేళ్ళలో ఆ ఆలోచన అందరికీ ఎందుకు రాలేదో అర్థం కాదు.

ఇలాంటప్పుడు ఎక్కడ చెప్పుకోవాలో చాలామందికి తెలియదు. బండికైనా, హోటల్‌కైనా ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి, అది కనపడేలా పెట్టాలి. ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ఆ నంబరుతోనే ఫిర్యాదు చేయొచ్చు. మనవాళ్ళ పద్ధతి వేరు. తిన్నచోట నవ్వి బిల్లు కట్టి, ఊరంతా చెబుతారు. బాగుంటే ఇద్దరికి, బాగోకపోతే ఇరవైమందికి. ఆ ఇరవైమందీ మళ్ళీ అక్కడికే వెళతారనుకోండి, రాత్రి తొమ్మిది తర్వాత పిల్లలు అడిగింది దొరికే చోట్లు ఎన్నున్నాయి గనక.

మాస్టర్ ఉన్నాడా?

‘ఆ హోటల్ ఒకప్పుడు భలే ఉండేదండి, ఈమధ్య పాడైపోయింది.’ అమలాపురంలో ఎర్రవంతెన దగ్గర అడిగినా, రావులపాలెంలో హైవే పక్కన అడిగినా ఈ వాక్యం వినపడుతుంది. ఏ హోటల్ గురించైనా సరే. గోడలు అవే, యజమాని అతనే, సరుకు తెచ్చే కొట్టు అదే. మారింది పొయ్యి ముందు నిలబడ్డ మనిషి.

హోటల్ వంటశాలల్లో వాళ్ళకి కొలువు పేర్లున్నాయి. కర్రీ మాస్టర్, తందూరి మాస్టర్, చైనీస్ మాస్టర్. మూడోవాడు ఎక్కువగా నేపాల్, డార్జిలింగ్, అస్సాం, ఒడిశా వైపు నుంచి వచ్చినవాడై ఉంటాడు. కిందిపనితో మొదలై, కూరగాయలు తరిగి, కడాయి పట్టడం నేర్చి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారుతూ వస్తాడు. చేతికి కొలతలుండవు, కాయితం మీద రాసిన పద్ధతులుండవు. అతను వెళ్ళిపోతే రుచి కూడా సంచిలో సర్దుకుని వెళ్ళిపోతుంది. మూడు వేల జీతం ఎక్కువిస్తానని పక్క ఊరివాడు ఫోన్ చేస్తే చాలు. దసరాకి ఊరెళ్ళి రానివాళ్ళున్నారు. అప్పుడు కిందిపని కుర్రాడు గరిటె పట్టుకుంటాడు, ఆ వారం తిన్నవాళ్ళంతా హోటల్ పాడైపోయిందని తీర్మానిస్తారు.

ఇప్పుడు మన ఊరి కుర్రాళ్ళూ పొయ్యి ముందుకొచ్చారు. హైదరాబాద్ వంటశాలల్లోనో, గల్ఫ్ హోటళ్ళలోనో నేర్చుకుని వచ్చి, దాచుకున్న డబ్బుతో బండి పెట్టుకుంటున్నారు. వీళ్ళతో గిరాకీకి ఒక సుఖం ఉంది, తెలుగులో తిట్టొచ్చు. ‘తమ్ముడూ, నిన్న కారం మండిపోయింది రా’ అంటే ‘ఆయ్, ఇయ్యాల తగ్గించి ఏస్తానండి’ అని నిజంగానే తగ్గిస్తాడు. ఎవరికి మిరియాలెక్కువ కావాలో, ఎవరికి క్యాబేజీ గిట్టదో గుర్తుపెట్టుకుంటాడు. మెల్లగా వంట కూడా ఇటే జరుగుతోంది. నూడుల్స్ మీద నిమ్మకాయ పిండి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇవ్వడం ఏ చైనావాడూ నేర్పలేదు, మన ముంత మసాలా నేర్పింది.

నన్నడిగితే బండికే ఎక్కువ మార్కులు వేస్తాను, ఏడింటి వేళ, ఒక్క ప్లేటుకి. ఏసీ హోటల్లో చైనీస్ అంటే ఆదివారం వదిలేసి మంగళవారం వెళ్ళాలి, బల్లంతా కలిసి రెండు మూడు రకాలే చెప్పుకోవాలి. పెద్దలుంటే సోయా తగ్గించమని ముందే చెప్పాలి. ఎర్రగా మెరిసేదాని జోలికి పోవద్దు. అసలు తెలిసినవాళ్ళయితే మెనూ కార్డు తెరిచేముందే వెయిటర్‌ని దగ్గరికి పిలిచి పాత మాస్టరే ఉన్నాడా అని మెల్లగా కనుక్కుంటారు. ఊరెళ్ళాడని తెలిస్తే బిర్యానీ చెప్పుకుని, తిని, పది గంటలకల్లా ఇల్లు చేరతారు.